పసుపు తిరిగిన పప్పు చేను: సున్నం చల్లే ముందు ఒక్క మాట



ఆసుపత్రి పత్రికలో చేను గురించి వ్యాసం ఏమిటని మీరు అనుకోవచ్చు. మా ఓపీకి వచ్చే కుటుంబాల్లో చాలామందికి గోదావరిఖనిలోనో, రామగుండంలోనో కాపురం ఉంటుంది. ఊళ్లో రెండు మూడు ఎకరాల చేనూ ఉంటుంది. జీతం బజారు ఖర్చులకు, చేను ఇంట్లో పప్పుకు. ఆ పప్పు తగ్గితే ఆ సంగతి ముందు తెలిసేది మాకే. పిల్లల బరువులో, తల్లుల రక్త పరీక్షలో అది కనబడుతుంది. అందుకే ఈ నెల మేము చేను దాకా వెళ్లాం.

ఒక యాసంగిలో రిటైరైన గని కార్మికుడు ఒకాయన బీపీ చూపించుకోవడానికి భార్యతో కలిసి వచ్చారు. బీపీ బాగా ఎక్కువగా ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నారు. కారణం అడిగితే ఆయన తల వంచుకుని కూర్చున్నారు. ఆమే చెప్పింది:

“పల్లి చేనంతా పసుపు రాసినట్టయింది సిస్టరమ్మా. నేల పుల్లబడ్డది, సున్నం జల్లుమని పక్క చేనాయన చెప్పిండు. జల్లినం. జల్లినంక ఇంకింత తెల్లగైంది. విత్తనం పైసలు గూడ ఎల్లేటట్టు లేవు.”

బీపీకి మందు రాశాం. చేనుకు మందు మాకు తెలియదు. వ్యవసాయ విస్తరణ అధికారిని కలవమని, మట్టి పరీక్ష చేయించమని మాత్రం చెప్పాం. ఫలితం వచ్చాక ఆమే కాగితం తెచ్చి చూపించింది. ఆ నేల పుల్లబడలేదు. దానికి సరిగ్గా ఎదురు వైపున ఉంది. లేని జబ్బుకు మందు వేయడంతో ఉన్న జబ్బు ముదిరింది.

ఈ పొరపాటు ఇంకో ఇంట్లో జరగకూడదని, తెలిసినవారిని అడిగి, చదివి, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ఒకే రంగు, రెండు జబ్బులు

మనిషి పాలిపోయి వస్తే మేము వెంటనే ఐరన్ మాత్రలు చేతిలో పెట్టం. ముందు రక్తం పరీక్షిస్తాం. పాలిపోవడానికి ఇనుము తక్కువ కావడం ఒక కారణం. నులిపురుగులు ఇంకో కారణం. తలసేమియా, సికిల్‌సెల్ వంటి పుట్టుకతో వచ్చే జబ్బులు వేరే కారణం. తరచూ రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లలకు ఒంట్లో ఇనుము పేరుకుపోయి ఉంటుంది. వారికి ఐరన్ మాత్రలు ఇస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

పప్పు పైరు కూడా ఇంతే. కంది, పెసర, మినుము, శనగ, బొబ్బర, పల్లి, సోయా – ఇవన్నీ పప్పుజాతి పైర్లు. నేలలో ఆమ్లం, అంటే పులుపు ఎక్కువైనా వీటి ఆకు పసుపు తిరుగుతుంది. క్షారం, అంటే సున్నపు గుణం ఎక్కువైనా పసుపు తిరుగుతుంది. చూపుకు ఒకే రంగు. మందులు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

వేరులో ఉన్న ఎరుపు

పప్పుజాతి మొక్కను జాగ్రత్తగా తవ్వి తీసి వేరు కడిగి చూడండి. వేరుకు ఆవగింజంత, కొన్నిసార్లు అంతకన్నా పెద్ద బుడిపెలు అంటుకుని ఉంటాయి. అవి తెగులు కాదు. వాటి లోపల రైజోబియం జాతి సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఆహారంగా ఇస్తాయి. బదులుగా మొక్క వాటికి చక్కెర ఇస్తుంది. జర్మనీ శాస్త్రవేత్తలు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1880లలో ఈ సంగతి రుజువు చేశారు. 1888లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైయరింక్ ఆ సూక్ష్మజీవిని వేరుచేసి పెంచారు.

మంచి బుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబీ ఎరుపు కనిపిస్తుంది. అది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. దాని పేరు లెగ్‌హిమోగ్లోబిన్. 1939లో జపాన్ శాస్త్రవేత్త కుబో దాన్ని గుర్తించారు. మన రక్తంలో ఉన్నట్టే దానిలోనూ ఇనుము ఉంటుంది. బుడిపె లోపల ఎర్రగా ఉంటే పని జరుగుతోందని అర్థం. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే పని జరగడం లేదని అర్థం.

కంది వేసిన చేనులో మరుసటి పంట బాగా వస్తుందని మన పెద్దలు అనడం ఊరికే కాదు. జొన్నలో కంది సాళ్లు వేయడం వెనుక ఉన్న బలమూ ఇదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రయోగాల్లో కంది తరువాత వేసిన మొక్కజొన్నకు హెక్టారుకు సుమారు 40 కిలోల నత్రజని వేసినంత మేలు కనబడింది.

నేల పులుపు అంటే ఏమిటి?

నేల పులుపును కొలిచే లెక్క పేరు ఉదజని సూచిక. కాగితం మీద పీహెచ్ అని ఉంటుంది. 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ఈ లెక్క పెట్టారు. 7 అంటే పులుపూ కాదు, క్షారమూ కాదు. 7 కన్నా తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. తినే సోడా కలిపిన నీళ్లు 8 దాటుతాయి. ఒక అంకె దిగితే పులుపు పది రెట్లు పెరుగుతుంది. 6 ఉన్న నేలకన్నా 5 ఉన్న నేల పది రెట్లు పులుపు. అంకె చిన్నదే గాని తేడా చిన్నది కాదు.

పీహెచ్ సుమారు 5.5 కన్నా దిగితే పప్పు పైరుకు అనేక వైపులనుంచి దెబ్బ తగులుతుంది.

ఒకటి, మట్టిలో గట్టిగా కట్టుబడి ఉన్న అల్యూమినియం కరిగి నీటిలోకి వస్తుంది. వేరు కొసలు దాని దెబ్బకు మొద్దుబారి పొట్టిగా ఆగిపోతాయి. పొట్టి వేరుకు లోతు నీళ్లు అందవు. వారం రోజులు వాన లేకపోతే చేను వాడిపోతుంది. కొన్ని నేలల్లో మాంగనీసు కూడా మితిమీరి విషమవుతుంది.

రెండు, సూక్ష్మజీవులు బతకలేవు. బతికినవాటికీ వేరుతో సంబంధం కుదరదు. బుడిపెలు కట్టవు.

మూడు, భాస్వరం మట్టిలోని ఇనుము, అల్యూమినియంలతో ముడిపడి మొక్కకు దొరకదు. నత్రజని పట్టే పనికి అవసరమైన మాలిబ్డినం అనే సూక్ష్మపోషకం కూడా దొరకదు. సున్నపు ధాతువైన కాల్షియం వానకు కొట్టుకుపోయి ఉంటుంది.

అందుకే పులుపు నేలలో పప్పు చేను పసుపు తిరిగితే అసలు కారణం నత్రజని ఆకలి.

అన్ని పైర్లకూ ఓర్పు ఒకేలా ఉండదు. బొబ్బర, పల్లి కొంత పులుపును తట్టుకుంటాయి. పెసర, మినుము, శనగ, సోయా అంతగా తట్టుకోలేవు. కందికి మరో తెలివి ఉంది. దాని వేరు తానే పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వదిలి, ఎర్ర నేలల్లో ఇనుముతో ముడిపడిన భాస్వరాన్ని విడిపించి తీసుకుంటుందని ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు 1990లో ప్రకటించారు. మన చెలకల్లో కంది ఇన్ని తరాలుగా నిలబడడానికి ఇదీ ఒక కారణం.

పులుపు నేలలు ఎక్కడ ఉన్నాయి?

వానలు ఎక్కువ పడే ఎర్ర నేలల్లో, కొండ వాలుల్లో. వాన నీరు ఏళ్ల తరబడి కాల్షియం, మెగ్నీషియంలను కిందికి కడిగేస్తుంది. మిగిలేది పులుపు. తెలుగు నేలలో ఇందుకు ఉదాహరణ అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలు. చింతపల్లి, పాడేరు వైపు గిరిజన రైతులు రాజ్మా పండిస్తారు. రాజ్మా కూడా పప్పుజాతే. కాని దానికి బుడిపెలు కట్టే గుణం మొదటినుంచీ తక్కువ. పులుపు తోడైతే ఇంకా తగ్గుతుంది. కేరళ, ఒడిశా, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల్లోనూ పులుపు నేలలు చాలా ఉన్నాయి. దేశం మొత్తం మీద ఇవి సుమారు 4.9 కోట్ల హెక్టార్లని అంచనా.

ఇవి పనికిరాని నేలలని ఎవరూ అనుకోనక్కర్లేదు. బ్రెజిల్ దేశంలో సెరాడో అనే విశాలమైన పులుపు బీడు ఉంది. ఒకప్పుడు అక్కడ పంట పండదనేవారు. నేలను పరీక్షించి, సున్నపు పొడి, భాస్వరం వేసి, తగిన రైజోబియం పట్టించి సోయా పండించారు. ఆ పనికి పాటుపడిన ముగ్గురికి 2006లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. సోయాకు సూక్ష్మజీవులు పట్టించే పనిలో కృషి చేసిన బ్రెజిల్ శాస్త్రవేత్త మరియాంజెలా హంగ్రియాకు 2025లో అదే బహుమతి ఇచ్చారు.

మరి మన బొగ్గు ప్రాంతం?

“బొగ్గు దుమ్ము పడుతోంది, నేల పుల్లబడక ఏమవుతుంది?” అని మమ్మల్ని చాలామంది అడుగుతారు. బొగ్గుతోపాటు గంధకం ఉన్న రాయి గాలికి, నీటికి తగిలితే గంధకామ్లం పుట్టే మాట నిజమే. అస్సాంలోని మాకుం బొగ్గులో గంధకం ఎక్కువ. అక్కడి గని నీళ్లకు ఆ బాధ ఉంది. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం సాధారణంగా ఒక శాతం లోపే. కాబట్టి బొగ్గు ఉన్నంత మాత్రాన చేను పుల్లబడిందని తేల్చకూడదు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులకు చేసే హాని వేరే సంగతి. దాన్ని తక్కువ చేసి చెప్పడం మా ఉద్దేశం కాదు.

ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టల మీద మొక్క సరిగా ఎదగకపోవడానికి సాధారణంగా కనబడే కారణాలు వేరు. ఆ మట్టిలో రాళ్లు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ, నత్రజని దాదాపు ఉండదు. ఇలాంటి చోట కానుగ, తుమ్మ, సుబాబుల్ వంటి చెట్లు నిలదొక్కుకోగలవు. అవీ పప్పుజాతి కుటుంబమే. వాటి వేర్లకూ బుడిపెలు ఉంటాయి.

మన రేగడి నేలలు చాలావరకు క్షారం వైపు ఉంటాయి. చెలకలు ఎక్కువగా 7కు అటూ ఇటూగా ఉంటాయి. అయితే ఇసుకపాలు ఎక్కువ ఉన్న చెలకకు ఓర్పు తక్కువ. ఏటా రసాయన ఎరువు ఒక్కటే వేస్తూ పోతే అది మెల్లగా పులుపు వైపు జారుతుంది. యూరియా, అమ్మోనియం సల్ఫేట్ నేలలో మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. 100 కిలోల అమ్మోనియం సల్ఫేట్ పుట్టించే పులుపును సరిచేయడానికి సుమారు 110 కిలోల సున్నపురాయి పొడి కావాలని లెక్క. 100 కిలోల యూరియాకు సుమారు 80 కిలోలు. మన రామగుండంలోనే 2021 నుంచి మళ్లీ యూరియా తయారవుతోంది. దగ్గర దొరుకుతుందని ఎక్కువ వేయాలని కాదు.

ఒక పొరపాటు మేమూ చేశాం. ఆసుపత్రి పెరట్లో బొబ్బర పాదుల్లో పురుగు పోతుందని చాలాకాలం కట్టెల బూడిద పోశాం. కట్టెల బూడిదకు క్షార గుణం ఎక్కువ. చివరికి లేత ఆకులు తెల్లబోయాయి. బూడిద ఆపి, పేడ ఎరువు వేశాకే తేరుకున్నాయి. బొగ్గు బూడిద సంగతి ఇంకా జాగ్రత్త. అందులో ఆర్సెనిక్, బోరాన్ వంటివి ఉండవచ్చు. కూరగాయల పాదుల్లో సొంతంగా పోయకండి.

చేనులో నిలబడి ఎలా గుర్తుపట్టాలి?

1. పసుపు ఏ ఆకులో మొదలైందో చూడండి. కింది ముదురు ఆకుల్లో మొదలై పైకి పాకితే నత్రజని ఆకలి. అప్పుడు వేరు చూడాలి.

2. పైన లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము లోపం. సున్నం పాలు ఎక్కువ ఉన్న నేలల్లో, నీరు నిలిచిన చోట పల్లిలో ఇది తరచూ వస్తుంది. ముదిరితే ఆకు తెల్లబారుతుంది.

3. పెసర, మినుములో ఆకు మీద పసుపు మచ్చలు అక్కడక్కడ గళ్లుగళ్లుగా ఉంటే అది తెల్లదోమ వల్ల వచ్చే పల్లాకు తెగులు కావచ్చు. దానికి నేలతో సంబంధం లేదు.

4. నాలుగైదు మొక్కలు తవ్వి బుడిపెలు లెక్కపెట్టండి, చీల్చి రంగు చూడండి. పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. తవ్వే తీయాలి.

ఇవన్నీ గుర్తులే. తేల్చేది మట్టి పరీక్ష ఒక్కటే.

మట్టి ఎలా తీయాలి?

ఎండాకాలంలో చేను ఖాళీగా ఉన్నప్పుడు తీయండి. ఎకరంలో 8 నుంచి 10 చోట్ల, వంకర టింకరగా నడుస్తూ, ఇంగ్లిషు ‘వి’ అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వండి. పై నుంచి కింది దాకా పక్క మట్టిని ఒక పొరగా చెక్కి తీయండి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చండి. నీడలో ఆరబెట్టి శుభ్రమైన గుడ్డ సంచిలో వేయండి. గట్ల దగ్గర, చెట్ల కింద, పెంట కుప్ప పక్కన తీయకండి. ఎరువుల సంచిలో అసలే వేయకండి. చెలక, రేగడి రెండూ ఉంటే వేర్వేరుగా తీయండి.

కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన భూసార కార్డులో 12 అంశాలు ఉంటాయి. పీహెచ్ అందులో ఒకటి. మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. కాగితం వచ్చాక పీహెచ్ ఎంతో ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోండి, మీ రక్తం గ్రూపు గుర్తుపెట్టుకున్నట్టు.

ఏ జబ్బుకు ఏ మందు?

పీహెచ్ 5.5 కన్నా తక్కువ ఉంటే: అధికారి చెప్పిన మోతాదులో సున్నపురాయి పొడి వేయాలి. ఒడిశా, జార్ఖండ్ వంటి చోట్ల విత్తే సాళ్లలో హెక్టారుకు 2 నుంచి 4 క్వింటాళ్లు వేసే పద్ధతి ఉంది. చేనంతా చల్లడంకన్నా ఖర్చు తక్కువ. ఇంటికి వేసే కాల్చిన సున్నం ఇది కాదని గమనించగలరు. పల్లికి ఊడలు దిగే వేళ వేసే జిప్సం కూడా వేరు. అది కాయకు కాల్షియం ఇస్తుందే గాని నేల పులుపును తీయదు.

పీహెచ్ 8 దగ్గర ఉండి లేత ఆకులు పసుపైతే: సున్నం, బూడిద ముట్టకండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు ఆకులపై పిచికారీ చేయాలి. నీరు నిలవకుండా చూడాలి.

పీహెచ్ బాగానే ఉండి బుడిపెలు లేకపోతే: వచ్చే పంటకు విత్తనానికి రైజోబియం పట్టించండి. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లం వేసి మరిగించి పూర్తిగా చల్లార్చాలి. అందులో 200 గ్రాముల కల్చర్ కలిపి 8 నుంచి 10 కిలోల విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి, వెంటనే విత్తాలి. కందికి పెసర కల్చర్ కాదు, ఏ పైరుకు చెప్పింది ఆ పైరుకే వాడాలి. తెగుళ్ల మందు పట్టించేది ఉంటే అది ముందు, కల్చర్ చివర.

ఏ నేలకైనా: ఎకరాకు రెండు టన్నుల పశువుల ఎరువు మేలు చేస్తుంది. పులుపు నేలలో అది అల్యూమినియాన్ని పట్టి ఉంచుతుంది. క్షార నేలలో ఇనుమును మొక్కకు అందేలా చేస్తుంది. పప్పు పైర్లకు ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం సాధారణ సిఫారసు. యూరియా ఎక్కువైతే బుడిపెలు కట్టడం తగ్గుతుంది.

సున్నం కంట్లో పడితే

చేనులో సున్నం చల్లేటప్పుడు, ఇంట్లో పిల్లలు తాంబూలం సున్నంతో ఆడుకునేటప్పుడు ఈ ప్రమాదం జరుగుతుంది. సున్నం కంటి నల్లగుడ్డును కాల్చివేస్తుంది. ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ కనీసం 20 నుంచి 30 నిమిషాలు కడగండి. రెప్ప ఎత్తి లోపల కూడా కడగండి. నూనె, నెయ్యి, పాలు, ఆకు పసరు వేయకండి. కన్ను నలపకండి. కడిగిన తరువాతే బయల్దేరండి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. సున్నం పొడి చల్లేవారు కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకోవాలి. గాలి వీచే వేళ చల్లకూడదు.

చివరిగా

ఆ దంపతుల చేను సంగతి చెప్పలేదు కదూ. అన్నభేది రెండుసార్లు కొట్టారు. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. అప్పటికే పోయిన ఎదుగుదల తిరిగి రాలేదు, దిగుబడి తగ్గింది. విత్తనం పైసలు వచ్చాయి, కూలి పైసలు రాలేదు. సున్నానికి పెట్టిన ఖర్చు వృథా. మట్టి పరీక్ష ముందే చేయించి ఉంటే ఆ నష్టం చాలావరకు తప్పేది.

మరుసటి వానాకాలం వారు పక్కనున్న చెలక మట్టి కూడా పరీక్షకు ఇచ్చి, తరువాతే కంది వేశారు. ఆయన బీపీ మాత్రలు మాత్రం మానలేదు, మానకూడదు కూడా. కిందటిసారి వచ్చినప్పుడు ఆమె ఒక కంది మొక్కను వేరుతో సహా తడి గుడ్డలో చుట్టి తెచ్చి, మా టేబుల్ మీద పెట్టి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూపించింది.

“చూడు సిస్టరమ్మా, రక్తం మంచిగనే ఉన్నది,” అంది.

వచ్చే పంటకు ముందు మీరూ మీ చేను వేరు చూడండి. మట్టిని పరీక్షకు ఇవ్వండి. మందు సంగతి ఆ తరువాత.